నలభై ఒక్క కిలోమీటర్లు, యాభై అయిదు నిమిషాలు

ఆ ఇంట్లో గోడగడియారాలు నాలుగు. వంటింట్లో ఒకటి, ముందుగదిలో ఒకటి, వ్యాన్లు నిలిపే షెడ్డులో రెండు. నాలుగూ ఒకే మాట చెప్పాలి. ఏ ఒక్కటి నిమిషం వెనకబడినా ఆ పూట ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. ఇంటావిడని డ్రైవర్లు ఎదురుగా 'అమ్మగారూ' అంటారు, చాటుగా 'నిమిషాలమ్మ' అంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసినట్టు కనబడితే ఆ పేరు మానేసి ఇంతకన్నా అధ్వాన్నమైనది పెడతారని లెక్క చూసుకుని ఊరుకుంది.

ఆవిడ వ్యాపారం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఆ ఊరికి విమానాశ్రయాలు రెండు. పాతది ఊరి మధ్యలో ఉంది, కొత్తది పెద్ద సరస్సు అవతలి గట్టున ఉంది. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కాల్సిన జనాన్ని ఆవిడ తొమ్మిది వ్యాన్లు అటూ ఇటూ చేరవేస్తాయి. పాత విమానాశ్రయం హాల్లో ఆవిడకి ఒక కౌంటరు ఉంది. కౌంటరు నెత్తిన విమానాశ్రయం వాళ్ళు వేలాడదీసిన పచ్చ బోర్డు ఉంది. దాని మీద తెల్ల అక్షరాలతో 'రెండు విమానాశ్రయాల మధ్య దూరం 41 కిలోమీటర్లు, ప్రయాణ సమయం 55 నిమిషాలు' అని రాసి ఉంటుంది.

ఆ రోజు పొద్దున్న ఏడుంబావుకి ఆవిడ షెడ్డులో నిలబడి ఒక ఉత్తరం పైకి చదువుతోంది. అది చదవడం ఐదోసారి. ఒక్కో చదువుకీ గొంతు ఒక మెట్టు పైకి ఎక్కుతోంది.

“'సదరు డ్రైవరు దారిలో కాలయాపన చేసి'... కాలయాపనట! 'ప్రయాణికురాలికి తీరని నష్టం కలిగించినందున విమానాశ్రయ ప్రవేశపు పాసు శాశ్వతంగా ఎందుకు రద్దు చేయరాదో ఈ రోజు పదకొండు గంటలకు హాజరై'... శాశ్వతంగానట! విన్నావా చిన్నోడా?”

చిన్నోడు ఆవిడ మరిది. నలభై ఆరేళ్ళొచ్చి, కణతలు తెల్లబడి, ఇద్దరు పిల్లల తండ్రయినా ఆ ఇంట్లో అతను చిన్నోడే. మూడో నంబరు వ్యాను అతనిది. పదకొండేళ్ళుగా నడుపుతున్నాడు, బండికి గీత పడనివ్వలేదు. నోట్లో నాలుక లేని మనిషి. ముందు చక్రం పక్కన గొంతుకూర్చుని నట్లు బిగిస్తున్నాడు.

“విన్నాను వదినా. ఐదుసార్లూ విన్నాను.”

“మరి ఏదన్నా అనవేం?”

“ఏమనను? ఆ అమ్మాయి విమానం వెళ్ళిపోయిన మాట నిజమే కదా.”

“వెళ్ళిపోతే? నువ్వేమన్నా దాన్ని చెయ్యి ఊపి పంపించావా? అయినా నిన్ను అనాలిరా. ఆ టైరుకి గాలి ఆ రోజే కొట్టించాలా? ఏడు నిమిషాలు! ఏడు నిమిషాలు ఊరికే గాలిలో కలిపావు.”

“గాలిలో కలపలేదు వదినా, టైరులో కలిపాను. కొట్టించకపోతే సరస్సు మలుపు దగ్గర పేలేది. అప్పుడు విమానమే కాదు, మనుషులూ మిగిలేవాళ్ళు కాదు.”

ఆ మాట సబబైనదే. సబబైన మాట వినబడితే నిమిషాలమ్మకి కోపం తగ్గదు, దిక్కు మార్చుకుంటుంది. ఈసారి అది ఫిర్యాదు రాసిన నర్సు మీదికి మళ్ళింది.

ఎనిమిది రోజుల కిందట జరిగింది ఇదీ. ఓడలో ఆస్పత్రి గదిలో ఉద్యోగం దొరికిన నర్సు ఒకామె పాత విమానాశ్రయంలో తొమ్మిదీ నలభైకి దిగింది. పెట్టె చేతికొచ్చేసరికి పదీ ఇరవై అయింది. పదిన్నరకి చిన్నోడి వ్యాను కదిలింది. కొత్త విమానాశ్రయంలో ఆమె ఎక్కాల్సిన విమానం ఒంటిగంటా పదికి. పెట్టెలు తీసుకునే కిటికీ దానికి గంట ముందే మూసేస్తారు. బోర్డు లెక్కన ఆమె పదకొండూ ఇరవై అయిదుకి చేరాలి, ముప్పావుగంట చేతిలో మిగలాలి. చేరింది పన్నెండూ నలభై ఏడుకి. కిటికీ మూసేసి ఉంది. ఆ విమానం అందలేదు కాబట్టి సాయంత్రం ఆరుకి రేవులో ఓడా అందలేదు. ఓడ ఎవరి కోసమూ ఆగదు. జాబితాలో తరవాతి నర్సుని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఎనిమిది నెలల ఉద్యోగం పోయింది. ఆమె మూడు పేజీల ఫిర్యాదు రాసింది.

నిజం చెప్పాలంటే ఆ దారిలో ఎవరు నడిపినా అంతే. దారి సరస్సు చుట్టూ తిరిగి వెళుతుంది. డెబ్భై ఎనిమిది కిలోమీటర్లు. కూరగాయల మార్కెట్టు దాటడానికి ఇరవై రెండు నిమిషాలు, రైలు గేటు పడితే పధ్నాలుగు, పడకపోయినా పట్టాల మీద ఎగుడుదిగుళ్ళకి నాలుగు, క్వారీ లారీల వెనక పాక్కుంటూ ముప్పై అయిదు. గేటు పడకపోయినా, మిగతా దారితో కలిపి కూడితే రెండు గంటల పది నిమిషాలు. ఇది నిమిషాలమ్మకి కన్నబిడ్డ పేరంత బాగా తెలుసు. ఆరేళ్ళుగా ఆవిడ డ్రైవర్లలో నోరున్నవాళ్ళు వ్యాను ఎక్కేవాళ్ళ చెవిలో, 'బోర్డు అలాగే అంటుందండీ, మీరు రెండు గంటలు వేసుకోండి' అని చెబుతూనే ఉన్నారు. చేతిలో పూటంత టైమున్నవాళ్ళు నవ్వి ఊరుకునేవారు. లేనివాళ్ళు తిట్టి, పరిగెత్తి, మరో విమానమెక్కి పోయేవారు. దారిన పోయేవాడి కోపం దారినే పోతుంది. వెనక్కి వచ్చి కూర్చుని మూడు పేజీలు రాసేంత తీరిక ఎవరికుంటుంది? ఓడ తప్పిపోయిన మనిషికి తప్ప.

“అసలు ఏ దద్దమ్మ రాశాడండీ ఆ బోర్డు!” అని నిమిషాలమ్మ షెడ్డు రేకులు అదిరేలా అరిచింది. “నలభై ఒక్క కిలోమీటర్లట! యాభై అయిదు నిమిషాలట! రాసినవాణ్ణి ఆ సరస్సులో ఈదుకుంటూ వెళ్ళమనాలి, అప్పుడు తెలుస్తుంది.”

షెడ్డు గుమ్మంలో ఆవిడ భర్త పేపరు మడిచాడు. ఆయన బడిలో డ్రాయింగు మాష్టారుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో అవసరానికి మించి మాట్లాడడు. మాట్లాడితే అవసరం లేనిదే మాట్లాడతాడని ఆవిడ అభిప్రాయం.

“ఏమే, ఆ అంకె మనమిచ్చిందే కదా,” అన్నాడాయన నెమ్మదిగా.

చిన్నోడి చేతిలో పానా ఆగింది.

“మీరు నోరు మూసుకోండి,” అంది నిమిషాలమ్మ. ఈసారి గొంతు పైకి వెళ్ళలేదు. బాగా కిందికి దిగింది.

ఆరేళ్ళ కిందటి మాట అది. కౌంటరు కోసం దరఖాస్తు పెట్టుకోవడానికి అదే ఆఖరి రోజు. సాయంత్రం అయిదింటికి ఆఫీసు మూసేస్తారు. నాలుగూ ఇరవైకి ముందుగదిలో భార్యాభర్తలు ఫారం నింపుతున్నారు. 'రెండు విమానాశ్రయాల మధ్య దూరం' అన్న గడి దగ్గర మాష్టారు కూతురి అట్లాసు తెచ్చి, అరిగి మెరుగెక్కిన తన చెక్క స్కేలు పెట్టి, రెండు చుక్కల మధ్య సరస్సు మీదుగా తిన్నగా కొలిచాడు. నలభై ఒకటి వచ్చింది. 'అదేంటండీ, నీళ్ళ మీదుగా కొలిచారు?' అని ఆవిడ అడిగింది. 'విమానాశ్రయాల మధ్య దూరమన్నాడు కదే, విమానం వెళ్ళే దారే కొలవాలి, బస్టాండుల మధ్య దూరమంటే రోడ్డు కొలిచేవాణ్ణి' అన్నాడాయన. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. స్కేలుతో బతికిన మనిషి.

ఆవిడ అలా అనుకోలేదు. అదే కౌంటరు కోసం నీలం బస్సులాయన కూడా పోటీలో ఉన్నాడు. అతను డెబ్భై ఎనిమిది కిలోమీటర్లు, రెండు గంటలు అని రాశాడని ఆవిడకి మధ్యాహ్నమే తెలిసింది. భర్త కొలిచిన నలభై ఒకటిని చూసింది. నిమిషం సేపు పెన్ను నాలుకకి ఆనించుకుంది. తరవాత పక్క గడిలో తన చేత్తో యాభై అయిదు నిమిషాలు అని రాసి కింద సంతకం చేసింది. ఆయనది పొరపాటు. ఆవిడది బేరం. పాత అధికారి ఆ ఫారం చూసి, 'ఇంత దగ్గరా!' అని సంబరపడి కౌంటరు ఇచ్చేశాడు. ఫారంలో అంకెలే బోర్డు మీదికి ఎక్కాయి. కొలిచి చూసినవాడు లేడు. రెండేళ్ళ కిందట విమాన కంపెనీలవాళ్ళు ఆ బోర్డు చూసే, రెండు విమానాల మధ్య మూడున్నర గంటలు చాలని ఒకే టికెట్టు మీద అమ్మడం మొదలుపెట్టారు.

ఫారం అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కూడా ఉంది. పై వివరాల్లో ఏదైనా అబద్ధమని తేలితే అనుమతి రద్దు.

తొమ్మిదీ ఇరవైకి వదినా మరుదులు మూడో నంబరు వ్యానులో బయల్దేరారు. ఆవిడ ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా పాఠం చెప్పింది.

“గేటు పడిందని చెప్పు. అంతే. గేటు పడింది, రైలు వెళ్ళింది, ఇంకో రైలు వచ్చింది. గేటు ఎంతసేపు పడిందో ఏ మొనగాడూ కొలవలేడు.”

“ఆ రోజు గేటు పడలేదు వదినా.”

“పడిందిరా.”

“తెరిచే ఉంది. గేటు మామయ్య చెయ్యి కూడా ఊపాడు.”

“వాడు చెయ్యి ఊపితే గేటు పడకూడదా? ఒరే చిన్నోడా, నేను నీ పాసు కాపాడదామని చూస్తుంటే నువ్వు నా మీదే సాక్ష్యం చెబుతావేంటి? ఆ సత్యసంధత కాస్త దారిలో దించేసి రా.”

చిన్నోడు గేరు మార్చాడు. “గేటు పడిందంటాలే వదినా. దూరం సంగతి మాత్రం నేనెత్తను. నువ్వు భయపడకు,” అన్నాడు.

ఆ 'భయపడకు' అన్న మాట ఆవిడకి ఒంటికి కారం రాసినట్టయింది. తనకి భయమా? తొమ్మిది వ్యాన్లు, పధ్నాలుగు మంది డ్రైవర్లు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు. భయం కాదది, బాధ్యత అని చెప్పబోయి ఆగింది. ఆ మాట తనకే అతికినట్టు లేదు.

రవాణా అధికారి గది పాత విమానాశ్రయం వెనక మేడ మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయదు. పదకొండుకి నాలుగు నిమిషాల ముందు వీళ్ళు ఎక్కేసరికి నర్సు అప్పటికే కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ముప్పై లోపు మనిషి. చేతిలో ఫైలు, ముక్కు మీద కోపం. అధికారికి రెండు కళ్ళజోళ్ళు. ఒకటి కళ్ళకి, ఒకటి నుదుటి మీదికి. కాగితం చూసేటప్పుడు ఒకటి, మనిషిని చూసేటప్పుడు ఒకటి మారుస్తాడు. కాగితాలే ఎక్కువసేపు చూస్తాడు.

“ఎంతసేపు పట్టిందయ్యా ఆ రోజు?”

“నూట ముప్పై ఏడు నిమిషాలు సార్,” అన్నాడు చిన్నోడు.

“బోర్డు మీద ఎంతుంది?”

“యాభై అయిదు సార్.”

“తీసేస్తే?”

“ఎనభై రెండు.”

“లెక్కలు బాగానే వచ్చే! ఆ ఎనభై రెండు నిమిషాలు ఎక్కడ పెట్టావు?”

“టైరుకి ఏడు. మిగతాది... గేటు పడింది సార్.”

అధికారి కళ్ళజోడు మార్చాడు. “గేటువాడికి నిన్ననే ఫోను చేశాను. పది నుంచి ఒంటిగంట దాకా ఆ రోజు రైలే లేదు. వాడి పుస్తకంలో ఉంది.”

గేటు పుస్తకం అనేది ఒకటుంటుందని నిమిషాలమ్మకి తట్టలేదు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి, ఆ ఒక్క పేగు వదిలేసింది.

నర్సు మొదటిసారి నోరు తెరిచింది. “నేను దారిలో నాలుగుసార్లు అడిగాను సార్. ఇంకా ఎంతసేపని. ప్రతిసారీ ఈయన 'వచ్చేశామమ్మా' అన్నాడు. వచ్చేశాం, వచ్చేశాం! ఎక్కడికి వచ్చాం? మూసిన కిటికీ దగ్గరికి. నేను ఆ గాజు మీద చేత్తో కొట్టాను. లోపల అమ్మాయి గడియారం చూపించింది, అంతే.”

“అమ్మాయ్, మా వాడు అబద్ధం...” అని నిమిషాలమ్మ అందుకోబోయింది.

“నన్ను అమ్మాయ్ అనకండి. నేను మీకు చుట్టాన్ని కాదు.”

“సరేనమ్మా, కాదు. అయినా మీరు ఆ రోజు...”

“మీరు ఆగండి. మీకు నోటీసు ఇవ్వలేదు,” అన్నాడు అధికారి. “చూడవయ్యా, నేను రాస్తున్నాను. ఏడు నిమిషాలు టైరుకి. డెబ్భై అయిదు నిమిషాలు సొంత పని మీద బండి ఆపేశావు. ప్రయాణికుల్ని కూర్చోబెట్టి ఎక్కడికో వెళ్ళొచ్చావు. పాసు రద్దు. ఏ విమానాశ్రయంలోనూ మళ్ళీ ఇవ్వకూడదని కూడా రాస్తాను. ఏమన్నా చెప్పుకుంటావా?”

చిన్నోడు వదిన వైపు చూడలేదు. చూస్తే అసలు సంగతి ఎవరైనా పసిగడతారని చూడలేదు. గోడ మీద క్యాలెండరు చూశాడు.

“రాసుకోండి సార్.”

“చూశారా!” అంది నర్సు. “ఒప్పుకున్నాడు. సొంత పనట.” “ఏం పని చేసుకొచ్చారు? నా ఎనిమిది నెలలూ పట్టుకెళ్ళి ఏ పని చేసుకొచ్చారు?”

నిమిషాలమ్మ మనసులో కూడిక మొదలైంది. అలవాటైన చెయ్యి దానంతటదే కదిలినట్టు. ఇటు ఒక పాసు, అటు ఒక కౌంటరు. ఇటు ఒక డ్రైవరు, అటు పధ్నాలుగు మంది. వీడికి షెడ్డులో పని ఇవ్వొచ్చు, టైర్లు చూసుకుంటాడు. వీడి పిల్లల చదువులు తను చూసుకోవచ్చు. మాట్లాడకపోతే నష్టం ఒకరికి, మాట్లాడితే పదిహేను మందికి. ఎటునుంచి కూడినా ఒకటే వస్తోంది. నోరు మూసుకోమనే వస్తోంది. లెక్కలో తప్పు లేదు. తప్పు లేకపోవడమే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కించింది. ఆరేళ్ళ కిందట కూడా లెక్క ఇలాగే సరిగ్గా వచ్చింది.

అధికారి పెన్ను 'సొంత' దాకా వచ్చింది.

“ఆపండి!” అంది నిమిషాలమ్మ.

“అమ్మా, చెప్పాను కదా, మీకు నోటీసు...”

“నోటీసు నాకే ఇవ్వాల్సింది. దొంగని వదిలేసి దొంగ చెప్పులకి శిక్ష వేస్తారేంటండీ? ఆ దారి నలభై ఒకటి కాదు. డెబ్భై ఎనిమిది. యాభై అయిదు నిమిషాల్లో ఆ దారి అంబులెన్సు కూడా దాటలేదు. వీడు ఎక్కడా ఆపలేదు. టైరుకి గాలి కొట్టించకపోయినా పన్నెండూ నలభైకే చేరేవాడు. అప్పటికి ఆ కిటికీ మూసి అరగంట.”

“మరి బోర్డు మీద...”

“బోర్డు మీద ఉన్నది నేను రాసిందే! తీయించండి ఫైలు. ఆరేళ్ళ కిందటి ఫారం. నా చేతిరాత. తెలిసే రాశాను.”

“వదినా!” అన్నాడు చిన్నోడు.

“నువ్వు మాట్లాడకు. సొంత పనట! రాసుకోండి సారట! నా పరువు నిలబెట్టడానికి నువ్వెవడివిరా? నేను అడిగానా?” అని ఆవిడ అతని మీద విరుచుకుపడింది. గదిలో ఆ క్షణంలో అందరికన్నా ఎక్కువగా ఆవిడకి కోపం వచ్చింది అతని మీదే.

అధికారి రెండు కళ్ళజోళ్ళూ తీసి బల్ల మీద పెట్టాడు. కాగితమూ మనిషీ ఏదీ చూడదలచుకోనట్టు.

“అమ్మా, కూర్చోండి. మంచినీళ్ళు తాగండి. మీరన్నది నేను వినలేదు.”

“మళ్ళీ చెబుతాను.”

“చెప్పకండి. మీకు అర్థం కావడం లేదు. ఆ యాభై అయిదు మీద విమాన కంపెనీలు రోజుకి ఎన్ని టికెట్లు కడుతున్నాయో తెలుసా? ఆ అంకె తప్పని ఈ గదిలో తేలితే ముందు నా తల లేస్తుంది, తరవాత మీది. ఒక పని చేద్దాం. పాసు రద్దు చేయను. పదిహేను రోజులు ఆపుతాను. టైరు నిర్లక్ష్యం అని రాస్తాను. సొంత పని మాట తీసేస్తాను. అందరికీ మంచిది.”

“అది చాలు సార్,” అన్నాడు చిన్నోడు వెంటనే. “పదిహేను రోజులే కదా వదినా. ఊరుకో.”

బేరం మంచిదే. నిమిషాలమ్మ బతుకులో ఇంతకన్నా మంచి బేరం ఎదురై ఉండదు. పదిహేను రోజులకి పాసు, కౌంటరు, బోర్డు అన్నీ ఎక్కడివక్కడే. ఆవిడ ఒక్కసారి నర్సు వైపు చూసింది. నర్సు ఎవరి వైపూ చూడటం లేదు. ఫైలులోంచి తన టికెట్టు తీసి, దాని మీద అచ్చువేసి ఉన్న రెండు టైముల మధ్య వేలు పెట్టి కొలుచుకుంటోంది.

“కాగితం ఇవ్వండి,” అంది నిమిషాలమ్మ. అధికారి ఇవ్వలేదు. నర్సు తన ఫైలులోంచి ఒక తెల్ల కాగితం లాగి, బల్ల మీద ఆవిడ ముందుకి తోసింది.

నాలుగు వాక్యాలు రాసింది. దూరం ఇంత, సమయం ఇంత, ఫారంలో అబద్ధం రాసింది నేను, డ్రైవరుకి సంబంధం లేదు. సంతకం చేసి, తారీకు వేసి, టైము కూడా వేసింది. పదకొండూ ముప్పై నాలుగు.

“అందినట్టు సంతకం పెట్టండి. లేకపోతే ఇదే కాగితం తీసుకెళ్ళి విమాన కంపెనీ కౌంటరులో ఇస్తాను.”

అధికారి ఆ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివి, అందినట్టు సంతకం గీశాడు. మొహం మారిపోయింది. ఇక ఆయనకి కాపాడాల్సింది ఆవిణ్ణి కాదు, తనని.

“సరే. రేపు ఉదయం నుంచి మీ కౌంటరు రద్దు. తొమ్మిది వ్యాన్లకీ ఆవరణలోకి ప్రవేశం లేదు. డ్రైవరు మీద ఫిర్యాదు కొట్టేస్తున్నాను. చాలా?”

“బోర్డు?”

“బోర్డు మార్చాలంటే రెండు విమానాశ్రయాల కమిటీ కూర్చోవాలి. నెలకొకసారి కూర్చుంటుంది.”

“అప్పటిదాకా దాని మీద ఒక గుడ్డ కప్పండి.”

“ఎవరు కప్పుతారమ్మా? దానికీ అనుమతి కావాలి. ఇక వెళ్ళండి.”

గుమ్మం బయట మెట్ల దగ్గర నిమిషాలమ్మ ఆగింది. వెనక వస్తున్న నర్సుకి దారి ఇచ్చింది. ఏదో ఒకటి అనాలనిపించింది. క్షమాపణ అడగడం ఆవిడకి అలవాటు లేదు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియదు.

“నిజం చెప్పేశాను కదమ్మా,” అంది చివరికి.

నర్సు ఆగింది.

“చెప్పారు. నన్నేం చేయమంటారు దాంతో? తీసుకెళ్ళి రేవులో చూపించనా? 'ఇదిగో నిజం దొరికింది, ఓడ వెనక్కి తిప్పండి' అననా?”

“అది కాదు...”

“మీ మరిది ఉద్యోగం పోబోతుంటే మీకు నిజం గుర్తొచ్చింది. నేను ఎనిమిది రోజుల కిందట ఆ గాజు మీద కొడుతున్నప్పుడు ఎందుకు గుర్తు రాలేదు? నాకన్నా ముందు ఎంతమంది కొట్టారు ఆ గాజు మీద? అది లెక్కపెట్టారా ఎప్పుడైనా? అన్నీ లెక్కపెడతారటగా మీరు!”

నిమిషాలమ్మ దగ్గర ఆ అంకె లేదు. ఆరేళ్ళు, రోజుకి ఇన్ని వ్యాన్లు, వ్యానుకి ఇంతమంది అని మొదలుపెట్టబోయి, మధ్యలో ఆపేసింది. నర్సు చెప్పులు టకటకలాడిస్తూ దిగిపోయింది.

“పొగరు,” అని గొణిగింది నిమిషాలమ్మ. ఎవరి పొగరో ఆవిడకే తెలియదు.

“ఎందుకు చెప్పావు వదినా?” అన్నాడు చిన్నోడు. ఎప్పుడూ లేనిది అతని గొంతులోనూ కోపం ఉంది. “నేను పదిహేను రోజులు ఇంట్లో కూర్చుంటే సరిపోయేది. ఇప్పుడు పధ్నాలుగు మందికీ పోయిందిగా పని. వాళ్ళకేం చెబుతావు?”

“ఇక కౌంటరు నీలం బస్సులాయనకే పోతుంది, ఎల్లుండికల్లా వాడికి డ్రైవర్లు కావాలి. నేనే వెళ్ళి మాట్లాడతాను. ఆరేళ్ళ కిందట నిజం రాసినందుకు వాణ్ణి మన జనం పిచ్చోడన్నారు. నేనూ అన్నాను. వాడి గుమ్మంలో నిలబడి నేను పడాల్సింది పడతాను. నువ్వు ముందు పద.”

హాల్లోకి వచ్చేసరికి పన్నెండూ పది. పన్నెండుంబావు వ్యానుకి జనం వరసలో ఉన్నారు. కౌంటరులో పిల్ల ఇంకా సంగతి తెలియక టికెట్లు ఇస్తూనే ఉంది. వరసలో మొదట ఒక పెద్దాయన, చేతిలో చిన్న సంచీ, భుజాన పెద్ద సంచీ. బోర్డు వైపు తలెత్తి చూస్తూ వేళ్ళు మడుస్తున్నాడు.

“మీ విమానం ఎన్నింటికండీ?” అంది నిమిషాలమ్మ.

“మూడింటికి. రెండింటికల్లా కిటికీ మూసేస్తారట. పన్నెండుంబావుకి బయల్దేరితే ఒంటిగంటా పదికి ఉంటాను కదమ్మా? బోలెడంత టైము.”

“ఉండరు. రెండూ ఇరవై అయిదుకి ఉంటారు. అందదు. టాక్సీ అయినా అందదు. ఈ టికెట్టు కొనకండి. పైకి వెళ్ళి, విమానం మార్చమని విమాన కంపెనీవాళ్ళని ఇక్కడే గట్టిగా అడగండి, వాళ్ళదే టికెట్టు, వాళ్ళే మార్చాలి.”

పెద్దాయన మొహం ఎర్రబడింది. “ఏంటమ్మా మీరనేది? అంత పెద్ద బోర్డు పెట్టారుగా! యాభై అయిదు నిమిషాలని! ఎవరు రాశారు ఆ దిక్కుమాలిన బోర్డు?”

“నేనే రాశాను.”

“సిగ్గులేదా?”

వరసలో వెనకవాళ్ళు కూడా అందుకున్నారు. ఒకావిడ తన టికెట్టు ముక్కలు చేసి కౌంటరు మీద విసిరింది. ఒకాయన పోలీసుని పిలుస్తానన్నాడు. కౌంటరులో పిల్ల బిక్కచచ్చిపోయి చూస్తోంది. నిమిషాలమ్మకి నోరు లేవలేదని కాదు. ఒక్కొక్కళ్ళకీ తిరిగి నాలుగు అంటించగలదు. పళ్ళ బిగువున నిలబడింది.

“తిట్టడం తరవాత, ముందు టైము చూసుకోండి!” అని గట్టిగా అరిచింది. “సాయంత్రం నాలుగింటిలోపు విమానం ఉన్నవాళ్ళెవరూ ఈ వ్యాను ఎక్కకండి. మూడో అంతస్తులో రవాణా అధికారి ఉంటాడు. ఆయన దగ్గర నా సంతకంతో కాగితం ఉంది. అది చూపించమనండి. కంపెనీవాళ్ళు టికెట్టు మార్చి తీరతారు.”

“మూడో అంతస్తు ఎటు?” అన్నాడు పెద్దాయన. సంచీ బరువుకి భుజం వంగిపోతోంది.

బయటి తలుపు దగ్గర దాకా వెళ్ళిన నర్సు ఈ గోలకి ఆగి చూస్తోంది. గబగబా వెనక్కి వచ్చి పెద్దాయన భుజాన పెద్ద సంచీ లాక్కుంది.

“రండి, నేను చూపిస్తాను. లిఫ్టు పనిచేయదు. ఆ కాగితం లేదంటాడు, నమ్మకండి. ఉంది. కాగితం నాదే.” మిగతావాళ్ళ వైపు తిరిగి, “వచ్చేవాళ్ళు రండి!” అంది. నిమిషాలమ్మ వైపు చూడలేదు.

ఏడుగురు ఆమె వెనక నడిచారు. వరసలో మిగిలినవాళ్ళు ముగ్గురు. వాళ్ళ విమానం సాయంత్రం ఆరింటికి.

“ఎక్కండి,” అంది వాళ్ళతో నిమిషాలమ్మ. “రెండు గంటల పది నిమిషాలు. మధ్యలో వచ్చేశామా అని అడగకండి, రాలేదనే చెబుతాడు.”

చిన్నోడు తాళాలు తీసుకుని కదిలాడు. పన్నెండుంబావు వ్యాను పన్నెండూ ఇరవైకి బయల్దేరింది. అయిదు నిమిషాలు ఆలస్యం. ఆవిడ పట్టించుకోలేదు. తలుపుల్లోంచి అప్పుడే దిగిన ఇంకో విమానం జనం పెట్టెలు దొర్లించుకుంటూ వస్తున్నారు. ముందు నడుస్తున్న అతను తలెత్తి బోర్డు చదువుతున్నాడు. నిమిషాలమ్మ కొంగు నడుముకి దోపుకుని అతనికి ఎదురు నడిచింది.